ఉమారాణి రాకెట్

హిందూపురం, బుధవారం.

నాయనా, నేను బాగానే ఉన్నాను. ఫోనులో అయితే సగం మాటకే పెట్టేస్తావు, అందుకే కార్డు రాస్తున్నాను.

టెన్నిస్ ఆడి చెల్లెలికి మణికట్టు వాచిందని, ఇక ఆట మానిపిస్తానని అన్నావు కదా. ఉమారాణి బస్సులో పంపిన తన రాకెట్ తీసుకుని, పోయినేడు దాన్ని కొన్న అంగడికే పోయాను. యజమాని దానివైపు చూడనైనా చూడకుండా, "ఆడపిల్లకు తేలికదే సరిపోతాది లేప్పా" అన్నాడు. ఒళ్లు మండింది. అప్పుడూ ఇదే మాట చెప్పి అమ్మాడు, నేను తలూపి కొన్నాను.

మూలన కూర్చుని రాకెట్లకు తీగలు బిగించే ఓబులేసు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాప చెయ్యంతా చాపి బారుగా కొడతాది కదప్పా?"

"అవును. నీకెట్ల తెలుసు?"

"తీగలు అరిగింది చూడు. పాప దెబ్బలో బలం ఉండాది. ఇంత తేలికది అదురుతాది, అదురంతా మణికట్టుకే. సరే, ఏ సైజు గాజులు ఏస్తాది?"

"రెండు నాలుగు."

"అంత చిన్న చేతికి ఇంత లావు పిడా? అదిమి పట్టుకోలేక వాచింటాది."

ఉమను ఒక్కసారి కూడా చూడని మనిషి ఆమె ఆటంతా చెప్పేశాడు. పనివాడంటే ఆయనే. కొంచెం బరువుది, సన్నపిడిది ఆయనే ఏరి ఇచ్చాడు.

తప్పు ఆటది కాదు నాయనా, నాది. మగ్గానికి జరీ వచ్చిందా? అవ్వ మందులు వేసుకుంటోందా? అమ్మకు, అవ్వకు నా దండాలు.

వాపు తగ్గాక వచ్చే నెల పెనుకొండ పోటీకి ఉమను పంపు. మగ్గం వద్దని ధర్మవరం విడిచినవాణ్ణే అయినా, ఆ రోజు వచ్చి ఆమె బదులు నేను నేస్తాను.

నీ కొడుకు,
నరేంద్ర