అక్క పంపిన చైన్ వీలు

అక్కకి నమస్కారాలు.

నేను క్షేమం అని మొదలుపెడదామనే కూర్చున్నాను గానీ నా కాళ్ళు ఒప్పుకోవడం లేదు.

ఉద్యోగంలో చేరి నెలయింది. పని నీకు చెప్పిందే. కింద ఊళ్ళో మూడు ఆసుపత్రుల్లో తీసిన రక్తం సీసాలు మంచు పెట్టెలో సర్దుకుని, ఎనిమిదింటికల్లా కొండ మీద ల్యాబులో ఇవ్వాలి. దారి మూడు కిలోమీటర్లు, నాలుగు మలుపులు. మొదటి రెండూ ఎలాగో ఎక్కుతాను. మూడో మలుపు దగ్గర సైకిలు నన్ను మోయడం మానేస్తుంది, నేను దాన్ని మోయడం మొదలుపెడతాను. ఎనిమిదీ పదికి చేరతాను. ల్యాబు పెద్దావిడకి ఇక్కడ అందరూ పెట్టుకున్న పేరు ఎర్రకలం. ఆలస్యమైతే పేరు పక్కన ఎర్ర గీత పెడుతుంది. మూడు నెలల్లో అయిదు గీతలు పడితే ఉద్యోగం పోతుంది. నాకు అప్పుడే రెండు పడ్డాయి.

సైకిలు నువ్వు బిగించి ఇచ్చిందే. ముందు పెడళ్ళ దగ్గర చైన్ వీలుకి నలభై నాలుగు పళ్ళు, వెనక చక్రానికున్న ఫ్రీవీలుకి పద్దెనిమిది. నువ్వు అడుగుతావని లెక్కపెట్టాను. గేరు మార్చాలా, బరువు తగ్గించాలా? నాకేమీ తోచడం లేదు, త్వరగా చెప్పు.

నీ తమ్ముడు

తా.క. నేను సైకిలు తోసుకుంటూ వెళ్తుంటే ఒక ముసలాయన చేతికర్రతో రోజూ నన్ను దాటిపోతున్నాడు. నిన్న ఆగి, "ఏమీ అనుకోకు బాబూ, నేను ముందు వెళ్ళనా?" అని అడిగాడు.

*

ఒరేయ్ చిన్నోడా, అక్క ఆశీస్సులు.

నీకు సైకిలు తొక్కడం వచ్చు గానీ సైకిలు గురించి ఓనమాలు కూడా రావు. పదేళ్ళు మన సైకిలు రిపేరు కొట్లో నా పక్కన కూర్చున్నావు, ఎప్పుడు చూసినా చేతిలో కథల పుస్తకమే. కాబట్టి ఎదురు ప్రశ్నలు వేయకుండా చెప్పింది చెయ్యి.

కొండెక్కడానికి బలం కావాలి. చక్రం పెద్దదైతే బలం ఎక్కువ. పార్సిల్లో యాభై రెండు పళ్ళ చైన్ వీలు పంపుతున్నాను, ముందు బిగించుకో. ఇక బరువంటావా, చచ్చినా తగ్గించకు. తేలిక సైకిలు ఎత్తు మీద నిలవదు. బరువుంటేనే చక్రం రోడ్డుని పట్టుకుంటుంది. ఇనప స్టాండు కూడా పెట్టాను.

గీతల గురించి బెంగ పెట్టుకోకు. అయిదూ పడితే కొంపేం మునిగిపోదు. ఇక్కడ నీ స్టూలు ఖాళీగానే ఉంది.

మీ అక్క

తా.క. స్టాండు విప్పేటప్పుడు కాలి మీద పడకుండా చూసుకో. పోస్టాఫీసులో ఆయన కాలి మీద పడింది.

*

అక్కకి నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆసుపత్రి ముందు చదును రోడ్డు మీద ఒక్క తొక్కు తొక్కితే సైకిలు దూసుకుపోయింది. అబ్బా, మా అక్క అంటే అక్కే అనుకున్నాను. ఆ సంబరం మొదటి మలుపు దాకానే. అక్కడ రెండు కాళ్ళూ ఒకే పెడల్ మీద పెట్టి నిలబడ్డాను. సైకిలు కదల్లేదు, నేనూ కదల్లేదు, వెనక పెట్టెలో మంచు మాత్రం కరుగుతోంది. పైకి చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. మూడో గీత పడింది.

నీ మాట తప్పయ్యే ప్రసక్తే లేదు కాబట్టి నా కాళ్ళే చచ్చుబడ్డాయనుకుంటున్నాను. మనసు ఒక చోట నిలవడం లేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను. ఏం చెయ్యమంటావో రాయి.

నీ తమ్ముడు

తా.క. ముసలాయన ఇవాళ తన సంచీ నా సైకిలుకి తగిలించాడు. "ఎలాగూ తోస్తూనే ఉంటావు కదా" అన్నాడు.

*

చిన్నోడా, ఆశీస్సులు.

చూశావా, నేను అనుకున్నదే. లోపం కాళ్ళదే. కాళ్ళు గట్టిపడాలంటే ఇంకొంచెం బరువు పడాలి. డైనమో, ఇనప క్యారియరు, నిండు చైను కవరు పంపుతున్నాను. మూడూ బిగించు. డైనమో పగలు కూడా చక్రానికి ఆనించే ఉంచు.

ఇక్కడ నాకూ కుదురు లేదు. నిన్న ఒక ట్యూబుకి చిల్లు ఒక చోట ఉంటే ప్యాచీ ఇంకో చోట వేశాను. ఆ మనిషి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, చిల్లు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. నీ వల్లే ఇదంతా. ఆ ఉద్యోగం నీ ఒంటికి పడేది కాదని వెళ్ళేటప్పుడే చెప్పాను.

మీ అక్క

తా.క. గంట కూడా పంపుతున్నాను, ఇత్తడిది. ముసలాయన్ని దాటే రోజు వస్తే మోగించు.

*

అక్కకి నమస్కారాలు.

అన్నీ బిగించాను. ల్యాబులో తూకం మీద సైకిలు ఎక్కించి చూస్తే ఇరవై ఆరు కిలోలుంది. మంచు పెట్టె ఇంకో ఆరు. నేను మాత్రం నాలుగు కిలోలు తగ్గాను. బరువు తగ్గించాలా అని అడిగింది సైకిలు గురించి అక్కా, నా గురించి కాదు.

నిన్న మూడో మలుపులో సైకిలు వెనక్కి జారింది. దానితోపాటు నేనూ వెళ్ళి పక్క కాలవలో పడ్డాను. సీసాలు పగల్లేదు, మోకాలు పగిలింది. నాలుగో గీత కూడా పడింది. ఇంకొక్కటి పడితే నా పని సరి. ఈ ఉద్యోగం కోసం ఎంత తిరిగానో నీకు తెలుసు. ఇప్పుడేం చెయ్యను?

నీ తమ్ముడు

తా.క. కాలవలోంచి ముసలాయనే చెయ్యిచ్చి లేపాడు. సామాను ఎవరు పంపారని అడిగితే మా అక్క అని చెప్పాను. డైనమోనీ క్యారియరునీ ఒకసారి చూసి, "సొంత అక్కేనా?" అన్నాడు.

*

నాన్నా చిన్నోడా,

ఈ ఉత్తరం అందగానే అవన్నీ పీకి పారెయ్. స్టాండు, డైనమో, క్యారియరు, కవరు, అన్నీ. యాభై రెండు పళ్ళది మళ్ళీ కంటికి కనబడకూడదు. పార్సిల్లో రెండు ఉన్నాయి. ముప్పై రెండు పళ్ళ చైన్ వీలు ముందు, ఇరవై ఎనిమిది పళ్ళ ఫ్రీవీలు వెనక. కొండకి ముందు చిన్నది, వెనక పెద్దది ఉండాలి. కాళ్ళు ఎక్కువ తిరుగుతాయి, కానీ తేలిగ్గా తిరుగుతాయి. గాలి గట్టిగా కొట్టించు. లేచి నిలబడకుండా సీటు మీదే కూర్చుని తొక్కు.

ఇది నాకు మొదటి రోజే తెలుసు. పన్నెండేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నదాన్ని, తెలియకుండా ఉంటుందా? కావాలనే తప్పు చెప్పాను. అయిదు గీతలు పడితే ఇంటికొచ్చేస్తావని ఆశపడ్డాను. నువ్వు వెళ్ళాక కొట్లోకి వచ్చేవాళ్ళు వస్తున్నారు, చైను గురించి మాట్లాడతారు, పోతారు. నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నిన్ను కాలవలో పడేస్తానని మాత్రం అనుకోలేదురా. నన్ను తిట్టు, కానీ మోకాలికి మందు రాసుకో.

అక్క

తా.క. నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే కొట్టుకి తాళం వేసి నేనే వస్తాను. మీ ఎర్రకలం ముందు నిలబడి, గీతలు నా పేరు పక్కన పెట్టమంటాను.

*

అక్కా,

రావద్దు, కంగారు పడొద్దు. నా ఉద్యోగం మొన్న ఖాయం చేశారు.

నాకు పడ్డవి మూడు గీతలే. నాలుగోది అబద్ధం. కాలవ, మోకాలు, తగ్గిన నాలుగు కిలోలు కూడా అబద్ధాలే. యాభై రెండు పళ్ళది నిజంగా నిన్ను నమ్మే బిగించాను, ఆ ఒక్క రోజుకే. ఆ సంగతి నీకు రాసి పోస్టు చేసి వచ్చాక కూర్చుని లెక్క వేశాను. ఒక్క తొక్కుకి చక్రం దాదాపు మూడు చుట్లు తిరుగుతోంది. కొండకి ఒక చుట్టు తిరిగితే చాలని నువ్వు ఎంతమందికి చెప్పగా విన్నానో. కొట్లో నా చేతిలో పుస్తకం ఉన్న మాట నిజమే. చివరి ఏడాదంతా ఒకే పేజీ తెరిచి ఉండేది, చూసేది నీ చేతుల్ని. ల్యాబు గేటు దగ్గర తుప్పు పట్టి పడున్న పాత సైకిలు ఒకటి కాపలాదారుని అడిగి, దాని చిన్న చైన్ వీలూ పెద్ద ఫ్రీవీలూ విప్పి నా సైకిలుకి బిగించాను. నువ్వు పంపిన ఇనప సామాను మంచం కింద ఉంది. ఏడూ నలభైకల్లా పైనుంటున్నాను.

లెక్క తేలగానే నువ్వు కావాలనే చేశావని అర్థమై, అప్పుడు రెండు రోజులు ఒళ్ళు మండిపోయింది. మూడో రోజు నవ్వొచ్చింది. నన్ను రప్పించుకోవడానికి ఇంత ఇనుము మోసి పోస్టు చేసిన మనిషివి, "వచ్చెయ్" అని ఒక్క మాట రాయలేకపోయావు.

మరి నేనెందుకు అబద్ధాలు రాశానంటావా? చేరిన కొత్తలో బాగున్నానని మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. కాళ్ళు నొప్పి అనగానే జవాబూ పార్సిలూ వచ్చాయి. బాగున్న సైకిలుని నువ్వు ముట్టుకోవు, నాకు తెలుసు. ఇక్కడ గదిలో నాకూ ఎవరూ లేరు. అందుకే పాడవుతూ వచ్చాను.

ఉద్యోగం మానను. సెలవు దొరికినప్పుడల్లా వస్తాను.

నీ తమ్ముడు

తా.క. ఇప్పుడిక్కడ పాడైంది ఏదీ లేదు. అయినా జవాబు రాయి.