బాపు ప్రార్థనలో ఎర్రావు

జడ్చర్ల,
ఆదివారం మధ్యాహ్నం.

బాపుకు, ప్రభువు పేరిట నీ బిడ్డ సువార్త రెండు చేతులూ జోడించి చెప్పే వందనాలు.

నేను ఇక్కడ బాగున్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, డ్యూటీకి పోతున్నాను. నువ్వెట్లా ఉన్నావు? నడుము నొప్పి తగ్గిందా? అమ్మ బీపీ గోళీలు రోజూ వేసుకుంటోందా, లేక డబ్బాలో దాచిపెట్టుకుంటోందా? ఫోన్లుండగా ఉత్తరం ఏంటని అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. ఫోన్లో నేను గొంతు చించుకున్నా నీకు వినపడదు, రెండు నిమిషాలకే ఫోన్ అమ్మ చేతికిచ్చి లేచిపోతావు. చెవి మిషన్ ఈల వేస్తోందని తీసి పెట్టెలో పడేశావట. సరే, చెవులు మొరాయించినా నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా. బైబిలు చదివే కళ్ళజోడు పెట్టుకుని ఈ ఉత్తరం నువ్వే నిదానంగా చదువు. అమ్మతో చదివించుకోకు, ఆమె సగం మింగేస్తుంది.

అసలు సంగతికి వస్తాను. పోయిన వారం అమ్మ ఫోన్లో ఏడ్చింది. "మీ బాపు చర్చికి పోతలేడు బిడ్డా. మూడు ఆదివారాలాయె. ఇంట్ల గూడ ప్రార్థన చేస్తలేడు, గమ్మున కూసుంటుండు" అంది. ఏమైందని అడిగితే చెప్పింది. ఆరాధనలో ఎవరో ప్రార్థన మొదలుపెట్టారట, నీకు వినపడక నువ్వూ మొదలుపెట్టావట. పొలం అవతలి మనిషిని పిలిచినట్టు అరుస్తుంటే పాటలు పాడే పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారట. ఒకరొచ్చి భుజం తట్టి కూర్చోబెట్టారట. ఆ రోజు నుంచి నువ్వు నోరు తెరవలేదట.

బాపూ, నాకు ఆ పిల్లల మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అక్కడే ఉంటే ఒక్కొక్కరి చెవి మెలిపెట్టేదాన్ని. కానీ ఈ ఉత్తరం వాళ్ళ మీద చాడీలు చెప్పడానికి కాదు. నీ గొంతు మళ్ళీ నాకు కావాలి. ఎందుకు కావాలో చెప్పాలంటే, ఇక్కడ నాకు జరిగిన అవమానం ముందు చెప్పాలి. అమ్మకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది కదా. మందు గోళీల కంపెనీలో నాది ప్యాకింగ్. పొద్దున పోగానే గాజులు, చెవుల పోగులు తీసి డబ్బాలో పెట్టాలి, ఫోన్ బయటే వదలాలి. జుట్టుకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు తొడుగులు. ఎనిమిది గంటలు పట్టీలు పట్టీలుగా గోళీలు నా ముందునుంచి పోతుంటే, ఖాళీ గుంత ఎక్కడైనా ఉందేమోనని చూస్తూ కూర్చోవాలి. పక్కమనిషితో మాట్లాడితే సూపర్‌వైజర్ కళ్ళతోనే కొరుకుతాడు. మొదట్లో రోజూ బాత్రూంలోకి పోయి ఏడ్చేదాన్ని. బయటికొస్తే ఎండ, హైవే దుమ్ము, లారీల హారన్లు. క్యాంటీన్‌లో అన్నం పెడతారు, పప్పు కూడా బాగానే ఉంటుంది, కానీ జొన్నరొట్టె తినక నాలుక చచ్చిపోయింది.

కిరాయి గదిలో నాతోపాటు భాగ్య అనే అమ్మాయి ఉంటుంది. ఆత్మకూర్ దిక్కు పిల్ల. వాళ్ళ నాయిన ఇప్పటికీ మగ్గం నేస్తాడు. ఆమె గోడకు తన దేవుడి పటం, నా గోడకు నువ్విచ్చిన క్యాలెండర్. పొద్దున ఆమె అగరుబత్తీ వెలిగిస్తుంది, పడుకునే ముందు నేను మోకాళ్ళూనుతాను. ఈ విషయంలో మా మధ్య ఒక్కరోజు కూడా పేచీ రాలేదు. అన్నం ఎవరు వండాలనే దగ్గర మాత్రం రోజూ యుద్ధమే.

మా వీధి చివర రేకుల చర్చి ఉంది. ముప్పై మంది ఉంటాం. ఒకసారి కమలమ్మ అనే ఆమె ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. పాలమూరు దవాఖానలో ఆమెకు మోకాలి ఆపరేషన్ చేస్తారట. దడుస్తోంది పాపం. పాస్టర్ అయ్యగారు అందరివైపూ చూసి, చూసి, "సువార్తమ్మా, కమలమ్మ కోసం నువ్వు ప్రార్థన చెయ్యి తల్లీ" అన్నారు.

మన ఇంట్లో ప్రార్థన అంటే నువ్వే కదా బాపూ. నేను పుట్టినప్పటి నుంచి నువ్వు చేస్తావు, మేము ఆమెన్ అంటాం. నా నోట ఎన్నడు పలికించావు? సరే, లేచి కళ్ళు మూసుకున్నాను. నోరు దానంతట అదే కదిలింది. గడగడా వచ్చేసింది. నీ ప్రార్థనే! అక్షరం పొల్లుపోకుండా, నీ రాగంతో సహా.

"దయగల తండ్రీ, మా బాయిల నీళ్ళు ఎండకుండ చూడు. మా ఎర్రావుకు గాలికుంటు రోగం రాకుండ కాపాడు. మా సర్పంచికి మంచి బుద్ధి ఇయ్యి. నా బిడ్డ సువార్తకు చదువు ఒంటబట్టియ్యి, దాన్ని నీ అరచేతిల దాచుకో. ఆమెన్."

కమలమ్మ పేరు ఒక్కసారి కూడా రాలేదు. మోకాలి ఊసే లేదు. అందరూ ఆమెన్ అన్నారు, కానీ ఆ ఆమెన్ కొంచెం ఆలస్యంగా వచ్చింది. బయటికి వస్తుంటే ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "నీకు గంత పెద్ద బిడ్డ ఉన్నదా తల్లీ? ఏం చదువుతాంది?" అని అడిగింది. వెనక కిసుక్కున నవ్వులు. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఉరికొచ్చాను.

గదికొచ్చి భాగ్యకు చెబితే అది పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, "ఎర్రావు అంటే మీ ఇంటి ఆవా? దినాం గదాని పేరు చెప్పుకుంట పండుతవ్ కద" అంది. "మా ఆవే. నేను ఇంటర్ చదివేటప్పుడే అమ్మినం" అన్నాను. దాని నవ్వు ఆగిపోయింది. "అమ్మిన ఆవుకోసం ఇన్నేండ్లు మొక్కుతున్నవా? గట్లయితే నీ దేవునితోటి నువ్వు ఒక్కనాడన్న మాట్లాడినవా సువార్తా? మీ బాపే మాట్లాడుతుండా?"

కోపం నషాళానికి అంటింది. "నీకేం తెలుసు, నోరుముయ్యి" అన్నాను. నాలుగు రోజులు దానితో మాట్లాడలేదు. వంట వేరు, నీళ్ళ బాటిల్ వేరు. నీ మొండితనం నాకే వచ్చిందని అమ్మ ఊరికే అనదు.

కానీ బాపూ, ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. నిజమే కదా. పెద్ద వాన వస్తే నువ్వే దేవునికి చెబుతావు, నాకు జ్వరం వస్తే నువ్వే చెబుతావు. ఆయన మన ఇంటికి నీ దోస్తుగానే వచ్చి పోయాడు. నేను మంచినీళ్ళిచ్చి లోపలికి పోయే పిల్లలాగా ఉండిపోయాను. మన ఊరి అయ్యగారు రెండుసార్లు బాప్తిస్మం మాట ఎత్తితే నేను తప్పించుకు తిరిగింది కూడా అందుకే. అప్పుడు నీ మనసు నొచ్చుకుంది. ఒక్క మాట అనలేదు, అయినా నాకు తెలుసు.

ఐదో రోజు లైన్ మీద కూర్చుని, మాస్కు వెనక, పెదాలు కదపకుండా మొదటిసారి నా సొంత మాట చెప్పాను. "ప్రభువా, నేను సువార్తను. నాకు మాటలు రావు. భాగ్య మీద కోపంగా ఉంది" అన్నాను. అంతే. మెరుపూ లేదు, ఉరుమూ లేదు. గోళీలు పోతూనే ఉన్నాయి. కానీ భాగ్య పేరెత్తాక ముందుకు పోలేకపోయాను. ముందు పోయి ఆ మనిషితో సమాధానపడు, తర్వాత నా దగ్గరికి రా అన్న వాక్యం నువ్వు మాకు ఎన్నిసార్లు చదివి వినిపించలేదు! సాయంత్రం వస్తూ వస్తూ రెండు సమోసాలు కొన్నాను. "తప్పయింది భాగ్యా" అన్నాను. అది సమోసా అందుకుని, "తప్పయితే అయింది గని, ఇయ్యాల బోళ్ళు నువ్వే తోమాలె" అంది.

అప్పటినుంచి రోజూ మాట్లాడుతున్నాను బాపూ. పట్టీలు చూస్తూ మాట్లాడుతాను, బస్సు కోసం నిలబడి మాట్లాడుతాను. ఒకరోజు సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు చేస్తాను, ఒకరోజు జొన్నరొట్టె యాది చేసుకుని ఏడుస్తాను. కొన్నాళ్ళు ఆయన వింటున్నాడో లేదో తెలియక, ఇదంతా నాలో నేనే గొణుక్కోవడమా అనిపించింది. ఆ అనుమానమే ఆయనకు చెప్పేశాను. పొద్దున లేచి నువ్విచ్చిన బైబిల్లో ఒక్కో పేజీ చదువుతున్నాను, నువ్వు గీతలు గీసిన చోట్ల కాదు, గీతలు లేని చోట్ల. ఇప్పుడు బాత్రూంలో ఏడవడం లేదు. పని మారలేదు, ఎండ తగ్గలేదు, కానీ ఒంటరిగా ఉన్నాననిపించడం పోయింది. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

కమలమ్మ ఆపరేషన్ రోజు సెలవు పెట్టుకుని దవాఖానకు పోయాను. ఆమె నన్ను చూసి, "వచ్చినవా తల్లీ? ఇయ్యాల ఆవు గీవు వద్దు, నా మోకాలు సంగతి జర చూడు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె చెయ్యి పట్టుకుని, "ప్రభువా, కమలమ్మకు భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది. నువ్వు ఇక్కడే ఉండు" అన్నాను. అంతే వచ్చింది. తనను లోపలికి తీసుకుపోయేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. కొంచెం కుంటుతుంది, అయినా చర్చికి అందరికంటే ముందు ఆమే వస్తుంది.

ఇక నీ సంగతి. నన్ను చూసీ నవ్వారు, నిన్ను చూసీ నవ్వారు. నేను మనుషులు వినాలని చేసిన ప్రార్థనకు నవ్వారు, అది నాకు తగిందే. నువ్వు ఎన్నడూ మనుషుల కోసం చెయ్యలేదు కదా, మరి మనుషులు నవ్వితే ఎందుకు మానేశావు? నీ గొంతు నీకు వినపడకపోతే ఏమైంది? వినాల్సిన ఆయనకు చెవులు బాగానే ఉన్నాయి. నీకు ఇట్లా ఎదురు చెబుతున్నందుకు కోపం తెచ్చుకోకు. నీ దగ్గరే నేర్చుకున్నాను.

వచ్చే నెల రెండో ఆదివారం నేను బాప్తిస్మం తీసుకుంటున్నాను బాపూ. మన ఊళ్ళో ఎందుకు కాదు అంటావు. నా మొదటి మాట ఆయనతో ఇక్కడ మాట్లాడాను, అందుకే ఇక్కడ. చర్చి వెనక సిమెంటు తొట్టి ఉంది, దాన్నే కడిగి నీళ్ళు నింపుతారు. భాగ్య వాళ్ళ నాయిన నాకోసం తెల్ల చీర నేస్తున్నాడు, సన్న అంచు పెట్టి. డబ్బులిస్తానంటే భాగ్య నన్ను కొట్టినంత పని చేసింది. నీళ్ళలో దిగే ముందు ఇంటి పెద్ద ఒకరు ప్రార్థన చెయ్యాలట. ఎవరు చేస్తారని అయ్యగారు అడిగితే, మా బాపు అన్నాను. వేరే పేరు ఇవ్వలేదు, ఇవ్వను.

పొద్దున మొదటి బస్సుకే బయలుదేరండి, హైదరాబాద్‌లో దిగి జడ్చర్ల బస్సు ఎక్కండి. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కాబట్టి అమ్మకు ఎట్లాగూ టికెట్ లేదు, కానీ ఆధార్ కార్డు మరిచిపోవద్దని చెప్పు. కండక్టర్ మాట వినపడదు కాబట్టి చీటీ మీద జడ్చర్ల అని రాసి జేబులో పెట్టుకో. అమ్మను మామిడికాయ తొక్కు, జొన్నపిండి తెమ్మను. భాగ్యకు కూడా వేరే సీసాలో. చెవి మిషన్ తెస్తే తే, లేకపోతే లేదు.

పెద్దనాయినకు, చిన్నమ్మకు, మన చర్చి అయ్యగారికి నా వందనాలు చెప్పు. నవ్విన ఆ పిల్లలకు కూడా చెప్పు, కోపం పోయింది. అమ్మ తల మీద నా పేరున ఒక ముద్దు పెట్టు, సిగ్గుపడకు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ రోజు ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరువు, హైవే మీద లారీలు ఆగినా సరే. బాయి గురించి చెప్పు, సర్పంచి గురించి చెప్పు. ఎర్రావును కూడా వదలకు, ఎవరింట్లో ఉన్నా అది బాగుండాలి కదా. మిగతావన్నీ ఇప్పుడు నా మాటల్లో నేనే చెప్పుకోగలుగుతున్నాను. "నా బిడ్డ సువార్త" అన్న ఒక్క మాట మాత్రం నా నోటికి కుదరదు బాపూ. ముప్పై మంది ముందు ఒకసారి అని చూశాను, ఏమైందో నీకు తెలుసు. అది నువ్వే అనాలి. నేను నీళ్ళలో నిలబడి ఆమెన్ అంటాను.

నీ దీవెన కోసం తల వంచి,
నీ బిడ్డ
సువార్త