నూకయ్య గొంతు, నాలుగు సెల్లు

9 మార్చి 1987, సోమవారం

నూకయ్య గొంతు తీసేస్తారు. కాన్సర్. కలకత్తా ఆసుపత్రిలో, ఇరవై నాలుగున. డాక్టరు ఇంగ్లీషు కాగితం నేనే చదివి అతనికి చెప్పాను. ముప్పై ఏళ్లుగా పేపర్‌కు చెడ్డ వార్తలు రాస్తున్నాను. ఎదురుగా కూర్చోబెట్టి వినిపించడం ఇదే మొదలు.

నూకయ్య మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు కాల్‌మ్యాన్. డ్యూటీ పడిన డ్రైవర్లను, గార్డులను ఇంటింటికీ వెళ్లి కేకేసి లేపుతాడు. కాల్‌బుక్‌లో సంతకం తీసుకుంటాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు.

వస్తుంటే అతని భార్య అప్పలనర్సమ్మ వాకిట్లో ఆపింది. ఊరందర్నీ పేరెట్టి పిలిసినాడు ఆర్థర్ బాబూ, నన్ను మాత్రం ఏమే, ఒసే, అంతే. మీ టేపు డబ్బాలో నా పేరు ఒక్కపాలి ఎక్కించండి, ఆ గొంతు పోకముందే, అంది. సరే అన్నాను.

11 మార్చి

నూకయ్యను ఇంట్లో టేప్‌రికార్డర్ మైకు ముందు కూర్చోబెట్టాను. ఒక దగ్గు, అంతే. దీని ముందు కూకుంటే పోలీసు ఠాణాలో కూకున్నట్టుంది బాబూ, సందులో నడిస్తేనే నాకు గొంతు లెగుస్తాది అన్నాడు.

నడుస్తూ రికార్డు చేయాలంటే కరెంటు తీగ పనికిరాదు. సెల్లు మీదే నడపాలి. మలంచా బజారులో నాలుగు పెన్సిల్ సెల్లు కొన్నాను. నడక ఇరవైన.

14 మార్చి

యూనియన్ మీటింగ్. రెండు గంటలు రికార్డు చేశాను. సెల్లు సగం పోయాయి. సోమవారం కొంటే సరిపోతుంది.

15 మార్చి, ఆదివారం, సాయంత్రం 6

ఆసుపత్రిలో బెడ్ ముందే ఖాళీ అయిందట. ఎల్లుండి పొద్దున్న బండికే నూకయ్య బయలుదేరాలి. నడక ఇక రేపే.

ఇవాళ బెంగాలీల దోల్, షాపులు మూత. రేపు హిందీవాళ్ల హోలీ, మళ్లీ మూత. ఇక్కడ రంగులు రెండు రోజులు. ఈ ఊళ్లోనే పుట్టాను, అయినా గుర్తు రాలేదు.

కాలనీ నిండా టార్చ్‌లైట్లే. అన్నీ పెద్ద సెల్లవి. నా మెషీన్‌లో పట్టవు.

16 మార్చి, ఉదయం 7

సెల్లు బయటికి తీసి, మొనలు గుడ్డతో తుడిచి, రేకు మీద ఎండలో పెట్టాను. వేడికి కాస్త బలం వస్తుందని అందరూ అంటారు. టేపు వెనక్కి పెన్సిల్‌తో తిప్పాను. మోటారుకు పని చెప్పలేదు.

ఉదయం 11

ఎండలోకి నాలుగుసార్లు వెళ్లి చూశాను. మీరు సూస్తే సెల్లు ఎక్కుతాయేటి అంది నా భార్య సూసన్న.

మధ్యాహ్నం 1

ఎక్కుతోందో లేదోనని ఒక నిమిషం మాట్లాడి విన్నాను. అనుమానం తీరక మళ్లీ విన్నాను. అనవసరం. ఆ రెండుసార్లూ నూకయ్య వాటాలోంచి పోయాయి.

సాయంత్రం 6

నాలుగింటికి నడిచాం. నూకయ్య సిక్ లీవులో ఉన్నాడు. అయినా ఖాకీ చొక్కా వేసి, పాత కాల్‌బుక్ చంకలో పెట్టాడు. గొంతు బొంగురుగా లేచింది. మొదట ముఖర్జీ గుమ్మం: ఓ దాదా, ఉఠున్! తర్వాత డ్రైవర్ జగ్గారావు గుమ్మం: లెగండి బాబో, గూడ్సు నిలబడి ఉంది! జగ్గారావు ఒంటినిండా రంగుతో బయటికొచ్చి, ఇయాల నాకు రెస్టురా నూకయ్యా, దొంగ కాల్ ఏటి అని తిట్టాడు. సంతకం ఎట్టక్కర్నేదు, మీ తిట్టు కూడా ఎక్కిపోనాది, ఠీక్ హై అన్నాడు నూకయ్య.

పదకొండు గుమ్మాలు. మెషీన్ మీది ఎర్ర బల్బు మసకబారింది. పన్నెండోది అతనిదే. వచ్చి నిలబడ్డాడు. టేపు తిరగడం నెమ్మదించింది. నేను చెయ్యి ఊపాను. అతను నేల చూశాడు. మళ్లీ ఊపాను.

అప్పలనర్సమ్మా, లెగు, పొద్దెక్కింది, అన్నాడు. కేక కాదు.

ఆమె తెర వెనకే ఉంది. చెయ్యి బయటికి చాపింది. నూకయ్య కాల్‌బుక్ తెరిచి పట్టుకున్నాడు. వేలిముద్ర వేసింది. వేలికి ఎవరో పూసిన గులాల్ ఉంది. ముద్ర గులాబీ రంగులో పడింది.

మెషీన్ ఆగిపోయింది.

17 మార్చి

బండి వెళ్లింది.

20 మార్చి

ఆపరేషన్ నిన్న అయింది. బతికాడు.

26 మార్చి

కొత్త సెల్లు వేసి అప్పలనర్సమ్మకు వినిపించాను. ముఖర్జీ, జగ్గారావు, అన్నీ బాగున్నాయి. చివరికొచ్చేసరికి గొంతు సన్నబడి, పరుగెత్తింది. ఆమె పేరు చిన్నపిల్ల కీచుమన్నట్టు వచ్చింది. ఇదేటి బాబూ, మా ఆయన కాదు, ఎలక, అంది. నవ్వింది. టీ తాగకుండా లేచి వెళ్లిపోయింది.

27 మార్చి

కారణం దొరికింది. సెల్లు నీరసపడి టేపు మెల్లగా తిరుగుతున్నప్పుడు ఎక్కిన మాట అది. బలమైన సెల్లుతో వేస్తే పరుగెడుతుంది. సరిగ్గా వినాలంటే అంత నీరసమైన సెల్లే కావాలి. ఆ నాలుగూ పూర్తిగా చచ్చాయి. కారుతున్నాయి కూడా.

7 ఏప్రిల్

మూడు రోజులుగా మెషీన్ ఖాళీగా తిప్పుతున్నాను, కొత్త సెల్లు అరగడానికి. గంటకోసారి నూకయ్య మాట దగ్గర పెట్టి చూస్తున్నాను. ఇంకా ఎలకే. మొన్నటిదాకా దాసుకున్నారు, ఇప్పుడు తగలేస్తన్నారు, మీకేటైనా అయినాదా అంది సూసన్న.

9 ఏప్రిల్

నూకయ్య ఇల్లు చేరాడు. మెడకు గుడ్డ. ఏం కావాలన్నా పలక మీద రాస్తున్నాడు. అప్పలనర్సమ్మకు చదువు రాదు.

10 ఏప్రిల్, సాయంత్రం 5.20

ఇప్పుడు ఎలక కాదు, అతనే. స్విచ్ ఆపేశాను. వాళ్లింటికి వెళ్తున్నాను. ఈ సెల్లుతో మహా అయితే రెండుసార్లు పిలుస్తాడు.