మస్తాను వద్దన్న కాయిల్

మైపాడు, 9–8–63, శుక్రవారం

ఈ ఉదయం కూడా నా బాడుగ కారు దారిలో ఆగిపోయింది. చేపలమ్మే పోలమ్మ కారు పైన వేసిన బుట్టలు నెల్లూరు బజారు చేరేసరికి ఎండ ముదిరింది. సగం చేపలు మెత్తబడ్డాయి.

"రేపు గూడా ఇట్టా ఆగితే నా బతుకేం గావాలబ్బయ్యా? ఈ తడి బుట్టల్ని బస్సులో ఎక్కనీరు గదా" అంది.

నేరుగా మెకానిక్కు మస్తాను దగ్గరికి పోయి, మద్రాసు నుంచి స్పార్కు పుట్టించే గట్టి కాయిల్ తెప్పించమన్నాను. బుట్టల కోసం పైన క్యారియర్ బిగించినప్పటి నుంచే ఈ బాధ. బరువు పెరిగి స్పార్కు చాలడం లేదని నా ఊహ. అతను బానెట్ ఎత్తి నవ్వాడు.

"క్యారియర్ పెట్టినావు గానీ ఇంజను మార్చినావా అన్నా? దీనికి ఉన్న కాయిలే ఎక్కువ. ఇదో, నాకి చూడు, ఉప్పు!"

బుట్టల నీళ్లు ముందద్దం మీదుగా బానెట్ సందులోకి దిగి, ప్లగ్గులకు కరెంటు పంచే మూతలో చేరుతున్నాయి. గుడ్డతో తుడిచాక ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"బుట్టల కింద రేకు పరిస్తేనో?" అన్నాను.

"బ్రేకు వేస్తే రేకు మీది నీళ్లు మళ్లీ ముందుకే గదన్నా కారేది."

బుట్టలు లోపల పెడితే ఆ వాసనకు, రోజూ వచ్చే ముగ్గురు గుమాస్తాలు ఎక్కరు. వాళ్ల బాడుగను నమ్ముకునే కారు కొన్నాను. కానీ బుట్టలు కారు నెత్తిన పెట్టమని పోలమ్మకు చెప్పింది నేనే.

రేపు లోపలే ఎక్కిస్తాను. గుమాస్తాలకు ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. కొత్త కాయిల్‌తో పోయే జబ్బయితే ఎవరికీ ఏమీ చెప్పే పనుండేది కాదు.