పక్క గది అడిగిన తమ్ముడికి

బ్ర్నో, 1991 డిసెంబరు 19

వ్రాటిస్లావ్,

పండగ రోజు వండుకోమని నీ భార్య ప్రాణంతో తెచ్చిన క్రిస్మస్ చేప నా స్నానాల తొట్టిలో ఈదుతోంది. నువ్వు పంపిన దరఖాస్తూ చూశాను. జిల్లా విద్యాధికారి ఉద్యోగానికి నా పేరు నువ్వే రాసేసి, సంతకానికి మాత్రం చోటు వదిలావు.

"పాత కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శులకు అయిదేళ్లు ఏ పదవీ ఇవ్వకూడదని ప్రాగ్‌లో చట్టం చేశారు వదినా. మీ పేరు మీద ఏ మచ్చా లేదు. కుర్చీలో మీరు కూర్చోండి, పక్క గదిలో సలహాదారుగా ఆయనుంటారు," అంది నీ భార్య. వెళ్తూ వెళ్తూ కళ్లొత్తుకుంది. "లేకపోతే ఈ వయసులో ఆయనెక్కడికి పోతారు, చెప్పండి?"

నా పేరు మీద మచ్చ ఎందుకు లేదో ఆవిడకు చెప్పలేదా? 1970లో మా టీచర్లను ఒక్కొక్కరినే పిలిచి విచారించినప్పుడు బల్లకు అవతల నువ్వే ఉన్నావు. నన్ను అక్కా అనలేదు. "కామ్రేడ్, అరవై ఎనిమిదిలో రష్యా ట్యాంకులు మన మేలు కోరే వచ్చాయని ఒప్పుకుంటారా?" అన్నావు. ఒప్పుకోనన్నాను. ఆ తర్వాతి సోమవారం నుంచి పంతొమ్మిదేళ్లు డెయిరీలో పాలసీసాలు కడిగాను.

దరఖాస్తు మీద సంతకం పెట్టి పంపేశాను. ఉద్యోగం వస్తే చేస్తాను. పక్క గదికి తాళం వేయిస్తాను. చేపను వచ్చి తీసుకుపో, ఇంకా బతికే ఉంది.

నీ భార్య అడిగినదానికి జవాబు కూడా కనుక్కున్నాను. డెయిరీలో సీసాలు కడిగే చోట ఒక ఖాళీ ఉందట. అక్కడ నీ గతం ఎవరూ అడగరు. రబ్బరు బూట్లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

ఇన్నేళ్లకు నీకు గుర్తొచ్చిన
అక్క