ఐదొందల బల్ల దగ్గర తలనొప్పి

లూనెన్‌బర్గ్,
సెప్టెంబరు 14.

చిరంజీవి మార్నీకి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, పిల్లీ, నా కుడి మోకాలూ క్షేమం. ఎడమ మోకాలు తన దారిన తనుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేశాను. మాంట్రియల్‌లో నువ్వు వేళకి తింటున్నావనీ, వారానికోసారైనా ఎండ మొహం చూస్తున్నావనీ తలుస్తాను. తలవడానికి ఖర్చేముంది.

మొలాసిస్ పాకం పోసి చేసిన రొట్టె రాయిలా వచ్చిందని రాశావు. పిండి పొంగేదాకా ఆగి ఉండవు. గిన్నె మీద తడిగుడ్డ కప్పి దాని మానాన దాన్ని వదిలెయ్యి. పది నిమిషాలకోసారి గుడ్డెత్తి చూస్తే అది పొంగదు, నీ ఒళ్లే మండుతుంది. ఊరేసిన హెర్రింగ్ చేపల సీసా ఒకటి మీ అమ్మ చేత పంపిస్తాను. మీ అమ్మ అంటే గుర్తొచ్చింది. నీ బీమా కంపెనీ వాళ్లిచ్చిన ఏడాది సెలవు వచ్చే నెల థాంక్స్‌గివింగ్ పండగతో అయిపోతుందట కదా; నువ్వు తిరిగి ఉద్యోగానికి వెళ్తావా లేదా అని రోజూ నాకు ఫోన్ చేస్తోంది, నేనేదో నీ పైఅధికారినైనట్టు.

"దాన్నే అడుగు, డార్లీన్" అన్నాను.

"అడిగితే అరుస్తుందమ్మా."

"ఆ గుణం దానికి గాల్లోంచి రాలేదు" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

'నేను ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పేకాడి బతుకుతున్నందుకు నువ్వు సిగ్గుపడుతున్నావా, చర్చిలో నా గురించి అడిగితే ఏం చెబుతున్నావు' అని అడిగావు. అంకెలతో పని చేస్తుందని చెప్పాను. లెక్కల టీచరమ్మ మనవరాలు మరి అని పాస్టరుగారు మురిసిపోయారు. నేను దిద్దలేదు. ఊళ్లోవాళ్ల అంత్యక్రియలకి ఎంతమంది వస్తారో ఆయన అంచనా కట్టి శాండ్విచ్‌లు తెప్పిస్తారు, అది మాత్రం జూదం కాదా.

ఇక అసలు సంగతి. కూర్చోడానికే రెండొందల డాలర్లు కట్టే బల్ల మీద రెండేళ్లుగా నిలకడగా గెలుస్తున్నావు. ఆగస్టులో ఐదొందల బల్లకి ఎక్కాననీ, అక్కడ నిలబడితే ఇక ఉద్యోగం అక్కర్లేదనీ రాశావు. 'అంతా బాగానే ఉంది, నెట్ మాత్రం మధ్యమధ్యలో పోతోంది' అని చివర ఒక వాక్యం తగిలించావు. ముప్పై నాలుగేళ్లు ఈ ఊరి పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. హోంవర్కు నాన్న పడవలో ఉండిపోయిందన్న వాక్యం ఏ వేషంలో వచ్చినా గుర్తుపడతాను.

నీ దగ్గర ఒక మాట దాచాను. ఆ బల్లల దగ్గర ఆడనివాళ్లు కూడా పక్కన నిలబడి చూడొచ్చని క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వే చెప్పావు. నీ ఆటపేరు తాతయ్య పడవ పేరేనని కూడా చెప్పావు. 'గ్రే నాన్సీ' కోసం ఇరవై ఏళ్లు రేవులో నిలబడి ఎదురుచూసినదాన్ని, తెర మీద కనబడితే చూడకుండా ఎలా ఉంటాను? జూన్ నుంచి చూస్తున్నాను. ఐదొందల బల్లకి నాలుగుసార్లు ఎక్కావు. నాలుగుసార్లూ పావుగంటలోపే మాయమయ్యావు. నెట్ పోయిన మనిషివి మరుక్షణం రెండొందల బల్ల దగ్గర ప్రత్యక్షమయ్యావు. వింత నెట్.

నీ ముక్కలు నాకు కనబడవు, నువ్వు తీసుకునే సమయం కనబడుతుంది. చిన్న బల్ల దగ్గర ఎవడైనా డబ్బంతా ముందుకి తోస్తే, నీ పేరు కింద గడువు చూపే గీత కరిగి చివరికొచ్చేదాకా ఆలోచిస్తావు. పెద్ద బల్ల దగ్గర, పెనం మీద చెయ్యి పడ్డట్టు, రెండు సెకన్లలో ముక్కలు పడేస్తున్నావు. ఆ 'బ్లాక్ డాగ్' అన్నవాడు వరసగా మూడుసార్లు నీ మీద పందెం పెంచాడు. వాడి చేతిలో ఏముందో దేవుడికెరుక. నీలో ఏముందో వాడికి తెలిసిపోయింది.

మంగళవారం యూనిస్ టీకి వచ్చింది. ఎదురింటి యూనిస్ నీకు తెలుసు కదా, ఒకప్పుడు బ్రిడ్జి పేకాటలో నా జోడీ. నువ్వు నాలుగోసారి దిగిపోవడం నా భుజం మీంచి చూసింది.

"పిల్ల ఎందుకు మధ్యలో లేచింది?" అంది.

"నెట్ పోయిందట."

యూనిస్ రెండు చెంచాల పంచదార వేసుకుని, తీరిగ్గా కలిపి, "అయితే దానికీ నీ తలనొప్పే వచ్చింది, వెర్నా" అంది.

ముప్పై ఒక్క సంవత్సరాల తర్వాత ఆ మాట ఎత్తింది. హోటల్ పరుపులు నా నడుముకి పడవు, అందుకే పోటీలకి వెళ్లడం మానేశానని మీ అందరికీ చెప్పాను. తాతయ్యకీ అదే చెప్పాను. నిజం వేరు. మాంక్టన్‌లో జరిగిన పోటీల్లో మేమిద్దరం పై విభాగానికి ఎక్కాం. టొరంటో నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఎదురుగా కూర్చుని, మా వంక చూడకుండానే ముక్కలు పంచారు. రెండో ఆటకి నాకు తలనొప్పి అని లేచాను. బ్రిడ్జిలో జోడీలో ఒకరు లేస్తే రెండోవాళ్లూ ఇంటికే. తిరుగు దారి పట్టాం. కారు ట్రూరో ఊరు దాటాక యూనిస్ ఒక్కటే అంది: "తలనొప్పి వచ్చినవాళ్ల చెయ్యి తల మీద ఉంటుంది, వెర్నా. నీ చెయ్యి సంచీ మీద ఉంది."

పై బల్లకి ఎక్కేవాళ్లు ఐదుసార్లు కూర్చోడానికి సరిపడా, ఐదు విడతల డబ్బు విడిగా పెట్టుకుంటారనీ, అది పోతే చిన్నతనం అనుకోకుండా కిందికి దిగి, మళ్లీ కూడబెట్టుకుని ఎక్కుతారనీ నువ్వే రాశావు. మంచి ఆచారం. కానీ ఆ ఐదింట్లో ఒక్కటైనా నువ్వు పూర్తిగా పోగొట్టుకోలేదు. ఓడి దిగితే అది ఆట. ఓడకముందే దిగితే తలనొప్పి. నువ్వు ఉద్యోగానికి వెళ్లినా మానినా నాకు ఒకటే, వెళ్తే ఆ ఐదూ పోయాక వెళ్లు. మాంక్టన్‌లో మేం ఓడేవాళ్లమేనేమో. నాకు తెలియదు. ఓడిపోయి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. తెలియకపోవడమే ఇన్నేళ్లూ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇంకొకటి కూడా దాచాను. చూడటంతో ఆగలేదు, జూన్ నుంచి నేనూ ఆడుతున్నాను. రెండు డాలర్ల బల్ల. నవ్వకు, కాస్త గెలిచాను కూడా. పోయిన ఆదివారం ఐదు డాలర్ల బల్లకి ఎక్కాను. రెండు నుంచి ఐదుకి, నీది రెండొందల నుంచి ఐదొందలకి; రెండూ రెండున్నర రెట్లే, మెట్టు ఎత్తు ఒకటే. ఐదు డాలర్లకి రేవు దగ్గర రెండు కాఫీలు కూడా రావు. అయినా వేళ్లు చల్లబడిపోయాయి. నాలుగో నిమిషంలో, కెటిల్ మరుగుతోందని పిల్లితో చెప్పి లేచాను. కెటిల్ అసలు పొయ్యి మీదే లేదు. పిల్లి నా వంక అచ్చం యూనిస్‌లా చూసింది.

భయం పోయాక ఎక్కుదామనుకుంటే కుదిరే పని కాదు. నాకు ఎనభై ఒకటి నడుస్తోంది, ఇంకా పోలేదు. చిన్న బల్ల దగ్గర ఎంతసేపు ఆలోచిస్తావో ఇక్కడా అంతేసేపు ఆలోచించు. రొట్టెపిండికి చెప్పిందే దీనికీ.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, మీ గడియారంలో ఒంటిగంటకి, నేను మళ్లీ ఐదు డాలర్ల బల్ల దగ్గర కూర్చుంటాను. నా ఆటపేరు 'ఎడమ మోకాలు'. ఐదు విడతల డబ్బు, ఇరవై ఐదు డాలర్లు, విడిగా పెట్టాను. గంట అయ్యేదాకా, లేదా అది పోయేదాకా లేవను. నువ్వు పక్కన నిలబడి చూడు. సలహాలు చెప్పకు. మధ్యలో నేను మాయమైతే ఫోన్ చేసి నెట్ ఎలా ఉందని అడుగు. గంట నిండితే, ఆ తర్వాత నీ వంతు. నేను కదలకుండా కూర్చుని చూస్తాను.

ఇట్లు,
సంచీ బీరువాలో పెట్టి, తాళంచెవి యూనిస్‌కి ఇచ్చిన
నీ అమ్మమ్మ
వెర్నా