హార్డ్ లక్ సారు

2 ఆగస్టు 1990
ఇరాక్ వాళ్ళు కువైట్‌లోకి వచ్చేశారు. సులైబియా రోడ్డు నిండా ట్యాంకులు. మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, రాత్రికి రాత్రే సౌదీ పారిపోయాడు. గోడౌన్లో మిగిలింది లెక్కలు రాసే నేనూ, వెల్డర్ చిన్నపుల్లయ్యా. మా పాస్‌పోర్టులు ఆఫీసు సేఫ్‌లో. తాళం మేనేజర్ దగ్గర. మేనేజర్ జాడ లేదు.

5 ఆగస్టు
ఆ మేనేజర్ని తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. ఇంగ్లాండు మనిషి. మేం పెట్టిన పేరు హార్డ్ లక్ సారు. జీతం ఆలస్యమైతే హార్డ్ లక్. పుల్లయ్య చెయ్యి కాలితే రాటెన్ లక్. మే నెలలో పుల్లయ్య తల్లి పోయింది. లీవు ఇవ్వలేదు. రూముకొచ్చి టఫ్ లక్, చిన్ అప్ అని భుజం తట్టి, గుమ్మం దాటుతూ సీ యూ టుమారో అన్నాడు.

చావింట్లో వెళ్ళొస్తానని ఎవరైనా అంటారా? మా కడప వైపు పలకరించడానికి వచ్చినవాళ్ళు చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు, మళ్ళీ అలాంటి పని మీద ఆ గడప తొక్కకూడదని. అప్పటినుంచి పుల్లయ్య ఆయన మొహం చూడడు.

19 ఆగస్టు
బ్రిటిష్ వాళ్ళంతా హోటళ్ళలో హాజరు కావాలని ఇరాక్ వాళ్ళ ఆర్డర్. మధ్యాహ్నం వెనక గేటు దగ్గర, అరబ్బు గౌనులో, తిండిలేక కళ్ళు లోపలికి పోయి, హార్డ్ లక్ సారు. ఆయన మాటే ఆయనకు అప్పజెప్పి గేటు వేసేద్దామనిపించింది. ముందు తాళం అన్నాను. ఇచ్చాడు. పాస్‌పోర్టులు చేతికొచ్చాయి.

ఇక ఆయనతో మాకేం పని? పుల్లయ్య మాత్రం కంచంలో పప్పన్నం తెచ్చి ముందు పెట్టాడు. "ఆకలైనోనికి కూడు పెట్టేదానికి ఇంగ్లీషు కావల్నా?" అన్నాడు నాతో.

26 ఆగస్టు
తెల్లవాళ్ళను దాచితే ఉరి అట. దాచాం. టైర్ల వెనక.

30 ఆగస్టు
ఇద్దరు సిపాయిలు వచ్చారు. పుల్లయ్య వెల్డింగ్ ఆపలేదు, తలెత్తలేదు. నేను పాస్‌పోర్టులు చూపించి, ఇద్దరమే, హింది, ఇండియా వాళ్ళం, ఖలాస్, ఇంకెవరూ లేరు అన్నాను. ఏసీ పీక్కుని పోయారు. టైర్ల వెనకనుంచి సారు బయటికొచ్చి, ఏసీకి బ్యాడ్ లక్ అన్నాడు. పుల్లయ్యకు నవ్వాగలేదు.

11 సెప్టెంబర్
రేపు ఇండియాకు బయలుదేరుతున్నాం, బస్సులో, బస్రా మీదుగా. సారును తీసుకెళ్ళలేం. పక్క యార్డు కాపలాదారు గౌస్ ఎక్కడికీ పోవడం లేదు. సారుకు రోజూ రొట్టె తెచ్చిస్తానన్నాడు.

12 సెప్టెంబర్, ఉదయం
సారు నోట ఒక్క లక్కూ రాలేదు. ఈయన బతకడనుకున్నాను. చెప్పకుండానే లేచి నడిచాను.

పుల్లయ్య గేటు దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగి, ఆయన మొహంలోకి చూసి, గట్టిగా అన్నాడు.

"పోయొస్తాం సారూ."